టీటీ పోయి టీడీ వచ్చింది

మేకు గుచ్చుకుంటే ‘టీటీ వేయించుకో’ అనడం మన ఇళ్లలో అలవాటు. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఆ టీటీ స్థానంలోకి 2019లో టీడీ వచ్చింది. ధనుర్వాతంతో పాటు కంఠసర్పిని (డిఫ్తీరియాను) కూడా అడ్డుకునే టీకా ఇది. 10వ ఏట ఒకటి, 16వ ఏట మరొకటి; గర్భిణులకు వేరుగా ఇస్తారు. అన్నీ ఉచితమే.

కంఠసర్పి తాతల నాటి జబ్బు అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి, అదే పాతవాళ్లు కోరంటి దవాఖానా అనేదానికి, ఈ శతాబ్దంలోనూ ఆ కేసులు వచ్చాయి. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడనివ్వదు. దాని విషం గుండెనూ దెబ్బతీస్తుంది. పసితనంలో వేసిన టీకాల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కనుకే ఈ బూస్టర్లు. చంటిబిడ్డ టీకా కార్డును బీరువాలో భద్రంగా దాచే తల్లిదండ్రులే, బిడ్డ ఐదో తరగతికి వచ్చేసరికి దాన్ని మరచిపోతున్నారు. ఇక పెద్దల సంగతి చెప్పనే అక్కర్లేదు. పదేళ్లకోసారి వేయించుకోమని వైద్యులు చెప్పినా, దెబ్బ తగిలితే తప్ప గుర్తురాదు. కంఠసర్పికి దెబ్బ తగలనక్కర్లేదు, పక్కవారి దగ్గు చాలు.

బడికి టీకా సిబ్బంది వచ్చే రోజున పిల్లల్ని ఇంట్లో ఉంచేయకండి.