జీతం లేని కాపలా

మా పంచాయతీలో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఏ చెట్టు బెరడు ఏ జ్వరానికి పనికొస్తుందో, ఏ దుంప ఎన్ని నీళ్ళు మార్చి ఉడకబెడితే చేదు పోతుందో ఆయన్నడిగే తెలుసుకుంటాం. ఆయన జీవవైవిధ్య యాజమాన్య కమిటీలో సభ్యుడట. ఆ సంగతి ఆయనకు తెలీదు, మాకూ తెలీదు. వేరే పని మీద వెళ్ళి పాత కాగితాలు తిరగేస్తుంటే ఆయన పేరు, పక్కన వేలిముద్ర కనబడ్డాయి. ఇంటికెళ్ళి అడిగాం. "ఎవరో వచ్చారు, వెయ్యమన్నారు, వేశాను. రేషన్ కార్డుకేమో అనుకున్నాన్రా" అన్నాడు. తాత నవ్వాడు గానీ మాకు నవ్వు రాలేదు.

ఈ కమిటీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పుకోవాలి. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ప్రతి స్థానిక సంస్థా ఒక కమిటీ వేసుకోవాలి, ఆ కమిటీ ఊళ్ళోని చెట్టూ చేమా, పశువూ పిట్టా, విత్తనం, మందు, వాటి గురించి ఊరికి తెలిసిన విద్య, అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి అన్నది. చదవడానికి ఎంత బాగుందో చూడండి. పద్నాలుగేళ్ళు గడిచినా దేశం మొత్తం మీద పదివేల కమిటీలు కూడా లేవు. అప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ కోప్పడింది. 2020 జనవరి 31 లోగా అన్ని చోట్లా కమిటీలు, రిజిస్టర్లు పూర్తి కావాలి, లేకపోతే నెలకు 10 లక్షలు కట్టండి అని రాష్ట్రాలకు చెప్పింది. అంతే. పద్దెనిమిదేళ్ళుగా కదలని బండి ఒక్కసారి పరుగెత్తింది. కమిటీల లెక్క రెండున్నర లక్షలు దాటింది. మా తాత వేలిముద్ర ఆ పరుగులో పడిన ముద్రే.

ట్రిబ్యునల్‌ని మేం తప్పుపట్టడం లేదు. పని చెయ్యనివాళ్ళ మీద జరిమానా వెయ్యడం న్యాయమే. కానీ జరిమానా భయంతో రాసిన రిజిస్టరులో ఏముంటుంది? పక్క మండలం రిజిస్టరులో ఉన్న చెట్లే ఉంటాయి. మా గెడ్డ ఒడ్డున తప్ప ఎక్కడా కనబడని మొక్క ఉండదు. దాని పేరు మా భాషలో ఉంది, రాసేవాడికి మా భాష రాదు.

ఇంకో వింత. అప్పటి నిబంధనల ప్రకారం కమిటీలో ఒక అధ్యక్షుడు, ఆరుగురికి మించకుండా సభ్యులు. మూడో వంతు ఆడవాళ్ళు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 18 శాతానికి తగ్గకూడదు. ఐదో షెడ్యూలు ప్రాంతంలో, గూడెం మొత్తం మనమే ఉన్నచోట, మనకు 18 శాతం! ఆరుగురిలో అది ఒక మనిషి, ఇంకో మనిషి చిటికెన వేలు. ఇది రాసినాయన మన ఊళ్ళు చూసి ఉండడు.

దీన్ని చూసి మా పెద్దలు ఆశ్చర్యపోలేదు. ఇలాంటి కమిటీని వాళ్ళు ఒకసారి చూసేశారు. వి.ఎస్.ఎస్. అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. వన సంరక్షణ సమితి. 1990లో కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది, 1992 నుంచి మన దగ్గర మొదలైంది. తర్వాత 2002లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో దానికే సామూహిక అటవీ యాజమాన్యం అని కొత్త పేరు పెట్టారు. అడవిని ఊరు కాపాడాలి, ఫలసాయంలో ఊరికి వాటా ఇస్తారు. మంచి మాటే. మా నాన్నలు రాత్రిళ్ళు వంతులు వేసుకుని కాపలా కాశారు. ఎండాకాలం మంటలు రాకుండా గట్లు తీశారు. పక్క ఊళ్ళో చుట్టాలు గొడ్డలి పట్టుకొస్తే వాళ్ళతోనే గొడవ పెట్టుకున్నారు. పెళ్ళిళ్ళకు పిలుపులు ఆగిపోయిన ఇళ్ళు మాకు తెలుసు.

మరి పెత్తనం? బ్యాంకు ఖాతాలో చైర్మన్ సంతకం పక్కన ఫారెస్టు వారి సంతకం ఉండాలి. ఏ మొక్క నాటాలో ప్లాను పైనుంచి వచ్చేది. మేం ఇప్ప, చింత, కరక్కాయ, అడ్డ తీగ అడిగితే యూకలిప్టస్ వచ్చింది. చాలా చోట్ల మొక్కలు నాటిన నేల ఏదనుకున్నారు? మనవాళ్ళు చోడి, సామ, కంది చల్లుకునే కొండపోడు. అంటే మన పోడును మన కమిటీ చేతే, మన సంతకంతోనే లాగించారు. ప్రాజెక్టు డబ్బు అయిపోయింది, సమితి పడుకుంది. పోడు మాత్రం తిరిగి రాలేదు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే వచ్చింది. పీఠికలోనే చారిత్రక అన్యాయం అని ఒప్పుకున్న చట్టం అది. అందులో సామూహిక అటవీ వనరుల మీద హక్కు గ్రామసభది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం చేశారు? ఇచ్చిన సామూహిక హక్కు పత్రాల్లో చాలావాటిని వి.ఎస్.ఎస్.ల పేరున ఇచ్చారు. అత్తగారి పేరు మీద పట్టా రాసి కోడలికి ఇల్లిచ్చామని చెప్పినట్టు! ఊరిది కావలసిన కాగితం ఫారెస్టు వారి కనుసన్నల్లో నడిచే సమితికి పోయింది. మన యువకుల్లో ఎంతమంది తమ ఊరి పత్రం ఎవరి పేరున ఉందో చూశారు? ఒకసారి చూసి రండి, తర్వాత ఈ వ్యాసం చదవండి.

స్వచ్ఛందం అనే మాట మీద మాకు కోపం లేదు. ఊరి పని డబ్బు తీసుకోకుండా చెయ్యడం మనకు కొత్త కాదు. మామిడి కొత్త చెయ్యకుండా మామిడికాయ ముట్టుకోం. చిక్కుడు కొత్త కాకుండా చిక్కుడు కొయ్యం. కాయ ముదిరి విత్తనం గట్టిపడేదాకా చెట్టుకి ఊపిరి తీసుకోనిచ్చే కట్టుబాటు అది. దేవత ఉన్న తోపులో పుల్ల విరవం. ఈ పనికి ఎవరూ జీతం ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. ఎందుకంటే కట్టుబాటు పెట్టిందీ మనమే, తప్పినవాడికి తప్పు వేసేదీ మనమే. పని మనది, మాట మనది.

పని మనది, మాట ఇంకొకడిది అయినప్పుడు దానికి మన మన్యంలో వేరే పేరుంది. వెట్టి. 1922లో అల్లూరి వెంట గూడెం కొండలు కదలడానికి ఒక కారణం అడవి మీద ఆంక్షలు, ఇంకో కారణం బాస్టియన్ తహసీల్దారు రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టి చేయించుకున్న చాకిరీ. వెట్టి అనే మాట ఇప్పుడు ఎవరూ అనరు. "భాగస్వామ్యం" అంటారు. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో అంటారు, మీటింగులో టీ, బిస్కెట్ కూడా ఇస్తారు.

జీతం లేని కమిటీలన్నీ ఇలాగే ఉంటాయా అంటే, లేదు. అమెరికాలో మాసచూసెట్స్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ 1957లో చట్టం చేసి ఊరూరికీ పరిరక్షణ కమిషన్ పెట్టుకునే వీలిచ్చారు. ముగ్గురి నుంచి ఏడుగురి దాకా సభ్యులు, వాళ్ళకూ జీతం లేదు. టీచర్లు, రైతులు, రిటైరైనవాళ్ళు సాయంత్రం కూర్చుంటారు. కానీ చిత్తడి నేలకు వంద అడుగుల లోపు ఎవరైనా ఇల్లు కట్టాలన్నా, మట్టి పొయ్యాలన్నా ముందు వాళ్ళ దగ్గరికి రావాలి. అందరి ముందూ విచారణ జరుగుతుంది. వాళ్ళు కాదంటే పని ఆగుతుంది. పైకి అప్పీలు ఉంటుంది, అది వేరే విషయం. ఆ దేశం ఆ నేల అసలు మనుషుల్ని ఏం చేసిందో మనకు తెలుసు, అందుకని దాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. మేం చెప్పేది ఒక్కటే: జీతం లేకపోవడం వల్ల కమిటీ చచ్చిపోదు, కాదనే అధికారం లేకపోతే చచ్చిపోతుంది.

ఆ అధికారం మనకు లేదా? ఉంది. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ చదవండి. అడవినీ, జంతువులనూ, నీటి వనరులనూ, మన సంస్కృతినీ దెబ్బతీసే పనిని ఆపే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ పనికి గ్రామసభే తన మనుషులతో ఒక కమిటీ వేసుకోవాలని నిబంధనల్లో 4వ దాంట్లో ఉంది. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. 1996 పెసా చట్టం గూడేన్నే ఊరుగా గుర్తించింది. పంచాయతీ ఆఫీసు ముందు నలుగురు నిలబడి ఫొటో దిగితే గ్రామసభ కాదు.

వాడుకున్నవాళ్ళు ఉన్నారు. తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు ఊరు 2009లో 1,800 హెక్టార్ల పైచిలుకు అడవి మీద సామూహిక హక్కు సాధించింది. 2011లో తన వెదురు తానే పర్మిట్ రాసి అమ్ముకుంది. మన పార్వతీపురం కొండలకు అవతల ఒడిశాలో నియమగిరి ఉంది. 2013లో సుప్రీంకోర్టు మీరే తేల్చండి అంటే, డోంగ్రియా కోందుల పన్నెండు గ్రామసభలు ఒక్కొక్కటిగా కూర్చుని పన్నెండూ బాక్సైటు వద్దన్నాయి. కొండ ఇవాళ్టికీ అలాగే ఉంది. ఇక్కడ 2015లో జెర్రెల బాక్సైటుకు 97వ నంబరు జీ.ఓ. వచ్చినప్పుడు కూడా రోడ్డెక్కింది ఊళ్ళే. కాగితం మీది కమిటీల జాడ ఎక్కడా లేదు.

"మీకు అధికారం ఇస్తే అడవి మిగులుతుందా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. మనలో ఉద్యోగాలు వచ్చినవాళ్ళు కూడా అడుగుతున్నారు, అదే బాధ. జవాబు సూటిగానే చెబుతాం. మనం దేవుళ్ళం కాదు. కాఫీకి నీడ పేరుతో పాత చెట్లు కొట్టి సిల్వర్ ఓక్ పెట్టినవాళ్ళు మనలో ఉన్నారు. కాంట్రాక్టరు దగ్గర సీసా తీసుకుని ఇసుక లారీకి దారి చూపించిన చైర్మన్ మా దగ్గరే ఉన్నాడు, మా చుట్టమే. కానీ ఆ చైర్మన్ని దింపే దారి మాకు ఎవరూ ఇవ్వలేదు. పై ఆఫీసుకు జవాబు చెప్పుకుంటే చాలు, ఊరికి చెప్పనక్కర్లేదు. గ్రామసభ ముందు నిలబెట్టి ఉంటే ఆడవాళ్ళే తేల్చేవారు. తునికాకు ఎక్కడ తగ్గిందో, తేనె ఏ బండ మీద పట్టడం మానేసిందో అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే.

ఆ రిజిస్టరు మాట మళ్ళీ. అందులో మన మందుల విద్య ఉంది. వ్యాపారం కోసం మన వనరులు పట్టుకెళ్ళేవాడి దగ్గర రుసుము వసూలు చేసే వీలు చట్టం 41వ సెక్షన్ కమిటీకి ఇచ్చింది. అదీ మా దగ్గర ఎప్పుడూ జరగలేదు. పైగా 2023 సవరణలో ఆయుష్ వైద్యులకూ, గ్రంథాలకెక్కిన విద్యకూ మినహాయింపులిచ్చారు, శిక్షల్లో జైలు తీసేసి జరిమానాలతో సరిపెట్టారు. కాబట్టి మన విద్య ఎవరు రాస్తున్నారు, ఎంత రాస్తున్నారు, ఎవరికి చూపిస్తున్నారు అన్నది ఊరు తేల్చుకోవాల్సిన మాట. కొన్ని రాయకూడదు కూడా.

టీచర్లకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో పర్యావరణ దినోత్సవానికి పిల్లల చేత ర్యాలీ చేయిస్తున్నారు, "చెట్లను పెంచండి" అని అరిపిస్తున్నారు. ఎవరికి చెబుతున్నారు మాస్టారూ? ఆ అరుపు వినేది కొండ మీది వాళ్ళమ్మ. దానికి బదులు ఏడో తరగతి పిల్లల్ని ఒక శనివారం ఊరికి పంపండి. అవ్వల దగ్గర కూర్చుని దుంపల పేర్లు కువి, సవర, కోయ, ఏ భాషలో ఉంటే ఆ భాషలో రాసుకు రమ్మనండి. తర్వాత పంచాయతీలో ఉన్న రిజిస్టరు తెప్పించి పక్కన పెట్టి చూడండి. లేని పేర్లు ఎన్నో పిల్లలే లెక్కపెడతారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ పని ఇంకొంచెం కష్టం. మీ గూడెం పేరుతో సామూహిక హక్కు క్లెయిము పెట్టారో లేదో అటవీ హక్కుల కమిటీని అడగండి. పెట్టి ఉంటే ఎవరి పేరున, ఎన్ని ఎకరాలు, సరిహద్దులు ఏ గెడ్డ నుంచి ఏ కొండ దాకా అని కాగితం చూపించమనండి. మీటింగు పుస్తకంలో తీర్మానం చదివి వినిపించాకే సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద పెట్టమంటే లేచి రండి.

మా సంగతి చెప్పి ఆపుతాం. తాతతో కలిసి ఆ రిజిస్టరు నకలు కావాలని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాం. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. నాలుగో నెల నడుస్తోంది, అప్పీలు వేశాం. ఈసారి తాత వేలిముద్ర వెయ్యలేదు. మనవరాలి దగ్గర నేర్చుకుని, వంకరగా, సంతకం పెట్టాడు.