కొండ ఎక్కే ముందు ఆకాశం చూద్దాం

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు" అని మన పెద్దలు అంటారు. పెద్దల మాటను కాదనడం మా ఉద్దేశం కాదు. అయితే ఈ రోజుల్లో వాన రాకడ చాలావరకు ముందే తెలుస్తోంది. తెలుసుకునే వీలుండీ తెలుసుకోకుండా కొండెక్కి, ఆనక ఆ సామెత చెప్పుకోవడం సరికాదని మా అభిప్రాయం.

మన హాస్టళ్ళలో విహారయాత్ర తేదీ ఎలా ఖరారవుతుందో అందరికీ తెలిసిందే. సెలవు ఎప్పుడు, బస్సు ఎప్పుడు దొరుకుతుంది, చందాలు ఎంత వచ్చాయి - ఈ మూడే చూస్తాం. ఆకాశం సంగతి బస్సెక్కాక గుర్తొస్తుంది. పైగా తలకోన, నాగలాపురం కొండలు మనకు గుర్తొచ్చేది కార్తీక వనభోజనాలప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలమూ అదే. అంటే జలపాతం చూడముచ్చటగా ఉండే రోజులే ప్రమాదం పొంచి ఉండే రోజులు.

2021 నవంబరు 18ని ఎలా మరచిపోగలం? వాయుగుండం ఇంకా తీరం దాటకముందే తిరుమల మెట్ల మీద వాన నీరు వాగులా పారింది. శ్రీవారి మెట్టు దారి బాగా దెబ్బతిని, 2022 మే నెల దాకా మూతపడింది. రాతితో కట్టిన మెట్ల దారికే ఆ గతి పడితే, అడవిలో వాగు దాటే కాలిబాట మాటేమిటి?

మరి ఏ సమాచారాన్ని నమ్మాలి? సెల్‌ఫోనులో తిరుపతి పేరు పక్కన కనిపించే సూర్యుడి బొమ్మ ఊరికి సంబంధించినది, కొండకు కాదు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ మామూలుగా కింది కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది. సముద్రం మీదుగా వచ్చే తేమగాలి కొండను తాకి పైకి లేచి, చల్లబడి వాన కురుస్తుంది. ఊళ్ళో ఎండ కాస్తున్నా కొండ మీద కుండపోత కావచ్చు. మన నెత్తిన చినుకు పడకపోయినా, ఎగువన కురిసిన వానకు వాగు పొంగవచ్చు.

అందుకే భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే హెచ్చరికలనే ముందు చూడాలి. పసుపు రంగు ఉంటే గమనిస్తూ ఉండాలి, నారింజ ఉంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు ఉంటే వెంటనే జాగ్రత్త పడాలి. ఆ శాఖ లెక్కలో "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటినది. రాబోయే మూడు గంటల సూచన కూడా ఇస్తారు. పిడుగుల కోసం 'దామిని' యాప్ ఉంది. అయిదు రోజుల ముందు సూచన ఏర్పాట్లకు పనికొస్తుంది. వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం ముందురోజు సాయంత్రం, బయలుదేరే ఉదయం చూసి తేల్చుకోవాలి. రెండు సూచనలు రెండు రకాలుగా ఉంటే చెడ్డదాన్నే నమ్మాలి. ఆపైన అటవీ సిబ్బందిని, ఆ ఊరివాళ్ళను అడగాలి.

ఇది పిరికితనం అనే మిత్రులకు ఒక మాట. మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఎవరెస్టు ఎక్కేవారెవరైనా మే నెలలో గాలి తగ్గే ఆ కొద్ది రోజుల కోసం గుడారాల్లో కాచుకుని కూర్చోవలసిందే. 1996 మే 10న, వెనుదిరగాల్సిన వేళ దాటినా పైకి ఎక్కుతూ పోయిన వారు తుఫానులో చిక్కుకున్నారు. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆగడం కూడా కొండ ఎక్కడంలో భాగమే.

కాబట్టి వార్డెన్ గార్లకు, సీనియర్ అన్నలకు, అక్కలకు మా మనవి ఇది. ప్రతి యాత్రకు ఒకటి కాదు, రెండు తేదీలు పెట్టండి. బస్సు మాట్లాడేటప్పుడే రెండో తేదీ సంగతి కూడా మాట్లాడండి. ముందురోజు వాతావరణ సూచనను నోటీసు బోర్డులో రాయించండి. దారిలో మబ్బు కమ్మితే, "వెనక్కి పోదాం" అని అయిదో తరగతి తమ్ముడు అన్నా వినండి, నవ్వకండి. బస్సు అడ్వాన్సు పోతే మళ్ళీ చందా వేసుకోగలం. కూలికి పోయి మనల్ని చదివిస్తున్న అమ్మానాన్నలు మనల్ని ఈ హాస్టల్‌కు అప్పగించారు. వాళ్ళకు మనం క్షేమంగా తిరిగి రావడమే ముఖ్యం. తలకోన ఎక్కడికీ పోదు, వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది.