అదే గ్రహణం, యాభై నాలుగేళ్ళ తరువాత

2025 సెప్టెంబరు 7, ఆదివారం, భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. ఏ రాశివారికి ఏ ఫలమో, ఎవరు ఏ దానం చెయ్యాలో, ఎవరు చూడరాదో టీవీలవారు నాలుగు రోజుల ముందునుంచే విపులంగా సెలవిచ్చారు. ఒక్క సంగతి మాత్రం, నేను విన్నంతలో, ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి మన ఆకాశం మీదికి వచ్చినది కొత్త గ్రహణం కాదు. 1971 ఆగస్టు 6, శ్రావణ పూర్ణిమ నాటి రాత్రి వచ్చి వెళ్ళిన గ్రహణమే తిరిగి వచ్చింది.

ఇది కవిసమయం కాదు, గణితం. గణితం చెప్పబోయే ముందు 1971 నాటి మా ఇంటి కథ చెప్పాలి. మిత్రులు ఓపిక పట్టాలని మనవి.

అప్పటికి నాకు పదకొండేళ్ళు. మాది గోదావరి ఒడ్డున ఒక పల్లె. నాయనమ్మ పొద్దు వాలకముందే ఊరగాయ జాడీల మీద, పాలగిన్నె మీద దర్భపోచలు వేసింది. నడవలో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. గ్రహణం ఉన్నంతసేపూ అది పడిపోకుండా నిలుస్తుందని మా పిల్లల నమ్మకం. పెద్దలు పట్టుస్నానానికి కాలవకు బయలుదేరారు. మా అమ్మ అప్పుడు అయిదో నెల గర్భిణి. ఆమెను లోపలి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కారు. కదలరాదు, గోక్కోరాదు, దాహమైనా అడగరాదు. రాత్రి సుమారు పదకొండున్నరకు పట్టు, మూడు గంటల వేళకు విడుపు. నేను అరుగు మీద కూర్చుని, తోమిన రాగిచెంబులా ఎర్రబడిన చంద్రుణ్ణి నోరు తెరుచుకుని చూశాను. అమ్మ మూడున్నర గంటలపాటు చీకటిని చూసింది.

ఆ డిసెంబరులో మా చెల్లెలు పుట్టింది. పైపెదవి చీలి ఉంది. మన భాషలో దానికి గ్రహణమొర్రి అని పేరు. ఆ పేరులోనే తీర్పు కూడా ఉన్నదన్న సంగతి, ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పిన నాకు చాలాకాలం తట్టలేదు. "ఎక్కడో కదిలే ఉంటుంది" అన్నది నాయనమ్మ. చుట్టపక్కాలు ఆ మాటే అన్నారు. నాన్న అనలేదు, కాదనీ అనలేదు. అమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. తరువాత చెల్లెలికి శస్త్రచికిత్స జరిగింది, పెదవి కుదిరింది, చదువుకున్నది, ఉద్యోగం చేస్తున్నది. అమ్మ మీద పడిన మాటకు మాత్రం ఏ చికిత్సా జరగలేదు.

పిండానికి పైపెదవి రెండో నెల ముగిసేలోగానే అతుక్కుంటుంది. అంగిలి మూడో నెలలో కుదురుకుంటుంది. ఆ అతుకు పడకపోవడానికి వంశపారంపర్య కారణాలుంటాయి. తల్లికి పొగ సోకడం, మధుమేహం, కొన్ని రకాల మందులు వంటివీ కారణాలు కావచ్చు. అయిదో నెలలో ఆకాశంలో పడిన నీడకు, మూడు నెలల క్రితమే ముగిసిపోయిన పనితో ఏమి సంబంధం? వేళ్ళ మీద లెక్కపెట్టదగిన ఈ మాట చెప్పడానికి ఆనాడు మా ఇంట్లో ఎవరూ లేరు. నేనైనా ఉద్యోగవిరమణకు దగ్గరపడ్డాక, మా జీవశాస్త్రం మాస్టారు చెప్పగా తెలుసుకున్నాను.

ఇక ఆకాశం లెక్క. పూర్ణిమనుంచి పూర్ణిమకు సగటున 29.53 రోజులు. అటువంటి 223 మాసాలు గడిస్తే 6,585 రోజుల 8 గంటలు. అంటే 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలు. నడుమ అయిదు లీపు సంవత్సరాలు పడితే 10 రోజులే. చంద్రుడి దారి సూర్యుడి దారిని దక్షిణంనుంచి ఉత్తరానికి దాటే బిందువే మన పంచాంగంలోని రాహువు; ఎదుటి బిందువు కేతువు. సూర్యుడు రాహువును ఒకసారి కలిసి మళ్ళీ కలుసుకోవడానికి 346.62 రోజులు పడుతుంది. అటువంటి కలయికలు 19 అయితే 6,585.78 రోజులు. చంద్రుడు భూమికి అతి సమీపానికి వచ్చి తిరిగి అక్కడికి చేరడానికి 27.55 రోజులు. అది 239 మార్లు జరిగితే 6,585.54 రోజులు. ఒకదానితో ఒకటి పొసగని మూడు కాలమానాలు ఇలా ఒక్క రోజు లోపల కలుసుకుంటున్నాయి. అందుచేత ఒక గ్రహణం నాడు సూర్యుడు, చంద్రుడు, రాహువు ఏ అమరికలో ఉన్నారో, 18 ఏళ్ళ తరువాత దాదాపు అదే అమరికలోకి వస్తారు. చంద్రబింబం పరిమాణం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. 1971లోను, 2025లోను అది రాహుగ్రస్తమే. రాహువు దగ్గర పుట్టిన వరుస కడదాకా రాహుగ్రస్తంగానే సాగుతుంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. రాహువు రాశిచక్రాన్ని వెనకనడకగా చుట్టిరావడానికి సుమారు 18 ఏళ్ళ 7 నెలలు పడుతుంది. గ్రహణాలు తిరిగివచ్చేది ఈ లెక్కనేనని నేను ఏళ్ళతరబడి నమ్మి, పిల్లలకు కూడా అలాగే చెప్పాను. అది వేరు, ఇది వేరు. అంకెలు దగ్గరగా ఉన్నాయి కదా అని రెంటినీ ముడివేశాను.

ఆ లెక్కలోని 8 గంటలే అసలు చిక్కు. ఆ 8 గంటల్లో భూమి మూడోవంతు తిరిగిపోతుంది. కనుక తిరిగివచ్చిన గ్రహణం మన ఇంటి మీదికి రాక మరో ఖండం మీదికి పోతుంది. 1971 నాటి గ్రహణం 1989 ఆగస్టు 17న వచ్చింది. అమెరికావారికి రాత్రి, మనకు ఉదయం. 2007 ఆగస్టు 28న మళ్ళీ వచ్చింది. పసిఫిక్ సముద్రం మీద రాత్రి, మనకు పగలు. ఆ రోజుల్లో మనలో చాలామందిమి లేఖినిలో అక్షరాలు కూడబలుక్కుంటూ తొలి టపాలు రాసుకుంటున్నాం. నేలకు అవతలి వైపున అది వచ్చిపోయిన సంగతి నేను గమనించనే లేదు. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు. కనుక మూడో రాకలో, 54 ఏళ్ళ తరువాత, అది తిరిగి మన ముంగిట్లోకి వచ్చింది. 1971లో మధ్యకాలం రాత్రి 1 గంట 13 నిమిషాలు. 2025లో రాత్రి 11 గంటల 41 నిమిషాలు.

ఈ వరుసకు ఖగోళశాస్త్రజ్ఞులు 128 అని సంఖ్య ఇచ్చారు. అది మొదలైనది 1304లో, ఓరుగంటిని ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలంలో. మొదట చాలాకాలం భూమి పలుచని ఉపచ్ఛాయనే రాసుకుంటూ పోయింది. 1430లో, శ్రీనాథుడు జీవించి ఉన్న రోజుల్లో, తొలిసారి బింబం అంచుకు అసలు నీడ తగిలింది. 1845లో, బ్రౌనుదొర మద్రాసులో నిఘంటువు పనిలో ఉన్నప్పుడు, మొదటి సంపూర్ణ గ్రహణం. ఆంధ్రరాష్ట్రం ఏర్పడడానికి రెండు నెలల ముందు, 1953 జులై 26న వచ్చినది ఈ వరుసలోకెల్లా దీర్ఘమైనది. సంపూర్ణస్థితి 100 నిమిషాలు దాటింది. 1971లో 99 నిమిషాలు, 1989లో 96, 2007లో 90, 2025లో 82. తరుగుతున్నది. మూడు కాలమానాలు దాదాపు కలుస్తాయన్నాను, పూర్తిగా కలవవు. ప్రతి రాకలోను సుమారు అర డిగ్రీ ఎడం పేరుకుంటూ, చంద్రుడు భూచ్ఛాయలో ఉత్తరపు అంచునుంచి దక్షిణపు అంచుకు జరిగిపోతుంటాడు. 2097లో చివరి సంపూర్ణ గ్రహణం. 2566లో, 71వ రాకతో, ఈ వరుస ముగుస్తుంది. గ్రహణానికీ ఒక పుట్టుక, ఒక యౌవనం, ఒక వార్ధక్యం ఉన్నాయన్నమాట.

మన శాస్త్రాలకు ఇది తెలియదా అని అడగవచ్చు. చంద్రగ్రహణం భూమి నీడేనని 499లోనే ఆర్యభటుడు స్పష్టంగా చెప్పాడు. బృహత్సంహితలోని రాహుచారాధ్యాయంలో వరాహమిహిరుడూ అదే నిలిపాడు. 628లో బ్రహ్మగుప్తుడు మాత్రం స్మృతివాక్యాలను ముందుకు తెచ్చి, రాహువు కాదనేవారిని ఆక్షేపించాడు. అయినా ఆయన గ్రహణాన్ని గణించినది నీడ కొలతతోనే. గణితంలో నీడ, లోకానికి రాహువు. ఆ రెండు నాల్కల ధోరణి నేటికీ మనల్ని వదలలేదు. పంచాంగకర్త పట్టు, విడుపు కాలాలను నిమిషాలతో సహా రాస్తాడు. నీడ లెక్క నిజం కాకపోతే అలా రాయగలిగేవాడే కాదు. ఆ పక్క పేజీలోనే గర్భిణులు చూడరాదని రాస్తాడు. మొదటి పేజీని నమ్మి గడియారం చూసుకునే మనం, రెండో పేజీని ఏమని ప్రశ్నించం?

నాకు తోచే కారణం ఒకటున్నది. మన సిద్ధాంతులు ప్రతి గ్రహణాన్నీ విడిగా గణించారు. ఇది ఫలానా గ్రహణపు తిరుగురాక అని చెప్పడానికి మన వ్యవహారంలో మాట లేదు. పాశ్చాత్యులు ఈ కాలాన్ని సారోస్ అంటారు. ఆ పేరూ పొరపాటున పడినదే. బాబిలోనులో ఆ మాటకు 3,600 అనే సంఖ్య అర్థం. 1691లో ఎడ్మండ్ హేలీ పాత గ్రంథాలను చూసి దానిని ఈ ఆవర్తానికి తగిలించాడు. 223 మాసాల కాలాన్ని మనం గ్రహణావర్తం అనీ, దాని వెంట నడిచే వరుసను గ్రహణపరంపర అనీ అనుకోవచ్చునని నా సూచన. ఇంతకన్న తేలికైన తెలుగుమాట ఎవరికైనా తడితే సంతోషంగా స్వీకరిస్తాను. మాట ఉంటే చూపు మారుతుంది. విడిగా వచ్చేది ఉపద్రవంలా కనిపిస్తుంది. చెప్పిన వేళకు, చెప్పిన దారిన, వందల ఏళ్ళుగా వచ్చిపోయేది చుట్టంలా కనిపిస్తుంది. చుట్టం వచ్చిందని కడుపుతో ఉన్న పిల్లను గదిలో పెట్టి తలుపు వేస్తామా?

ఆచారంతో ఎవరికి నష్టమని కొందరు మిత్రులంటారు. స్నానం వల్ల, జపం వల్ల, దానం వల్ల నష్టం లేదు. వాటితో నాకు పేచీ లేదు, నేనూ స్నానం చేస్తాను. కాని ఆచారం తప్పినందుకు ఒక మనిషిని దోషిగా నిలబెట్టినప్పుడు నష్టం ఉన్నది. ఆ నష్టాన్ని మా ఇంట్లో యాభై నాలుగేళ్ళు చూశాను. మరొక నష్టమూ ఉన్నది. ఒక గ్రహణాన్ని చూసి, అదే గ్రహణం తిరిగి మన ఆకాశం మీదికి రావడాన్ని చూడడం ఆయుర్దాయం ఉన్నవాడికైనా మహా అయితే ఒక్కసారి. చంద్రగ్రహణాన్ని చూడడానికి కళ్ళద్దాలక్కరలేదు, దుర్భిణి అక్కరలేదు, కంటికి ఏ హానీ లేదు. భూమి చుట్టూ ఆ క్షణాన జరుగుతున్న ఉదయాస్తమయాల ఎరుపంతా మన గాలిపొరలో వంగి పోయి ఆ బింబం మీద పడుతుంది. దానికి తలుపులు మూసుకోవడం ఎంత దారిద్ర్యం!

ఈ మారు అమ్మను మేడ మీదికి తీసుకువెళ్ళాము. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. చెల్లెలు ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాము. పది గంటల వేళ తూర్పున మబ్బు కొంత చెదిరింది. పదకొండు గంటలకు బింబమంతా ఎర్రబడింది. ఇది ఆనాటిదేనని చెల్లెలు అమ్మకు చెప్పింది. 54 సంవత్సరాల లెక్క నేను వివరించబోతే అమ్మ చేత్తో వారించింది. చాలాసేపు చూసి, "ఇంతేనా?" అన్నది. మరి కాసేపటికి, "నేను కదల్లేదురా" అన్నది. మేమిద్దరం మాట్లాడలేదు.

తరువాత ఆమె కిందికి చూసి, "ఆ అమ్మాయి పడుకున్నదా?" అని అడిగింది. మా కింది వాటాలో అద్దెకుండే అమ్మాయికి అది అయిదో నెల. అత్తగారు ఊరినుంచి ఫోను చేసి వేళలు చెప్పారట. రాత్రి తొమ్మిదిన్నరకే కిటికీలన్నీ మూశారు. లోపల దీపం కూడా లేదు. మెట్లెక్కేటప్పుడు ఆ తలుపు ముందు నేను ఒక క్షణం ఆగాను. పరాయివాళ్ళ ఇంటి విషయం, మనకెందుకులే అని పైకి వచ్చేశాను. "ఎందుకు పిలవలేదు?" అన్నది అమ్మ. నా దగ్గర జవాబు లేకపోయింది.

మరునాడు ఉదయం వెళ్ళి ఆ దంపతులకు పెదవి అతుక్కునే నెల సంగతి, మా ఇంటి సంగతి చెప్పాను. "నిన్ననే చెబితే బాగుండేది కదా మాస్టారూ" అన్నది ఆ అమ్మాయి. న్యాయమైన మాట.

ఈ గ్రహణం 2043 సెప్టెంబరులో, 2061 సెప్టెంబరులో తిరిగి వస్తుంది. మొదటిసారి మనకు తెల్లవారిపోతుంది, రెండోసారి పట్టపగలు. 2079 అక్టోబరు 10 రాత్రి మళ్ళీ మన నడినెత్తి మీదికి వస్తుంది. ఆ అమ్మాయి కడుపులోని బిడ్డకు అప్పటికి యాభై మూడేళ్ళు, ఇప్పటి మా చెల్లెలి వయస్సు. నేనుండను. ఈ లోగా వచ్చే గ్రహణాలకు మీ కింది వాటాలోనో, పక్క ఇంట్లోనో తలుపులు మూసుకుంటుంటే ఒకసారి వెళ్ళి తట్టండి.