కంప్యూటర్ కబుర్లు: సున్నా వేరు, ఖాళీ వేరు

ఈసారి నా తప్పు నేనే చెప్పుకుంటాను.

మన సంఘ సభ్యుల జాబితా ఒక డేటాబేస్ టేబుల్‌లో ఉంది. కుటుంబానికి ఒక వరస. అందులో "అత్యవసర ఫోన్" అని ఒక కాలమ్. చలికాలం మొదట్లో కమిటీవారు "ఎవరెవరి నంబర్లు లేవు?" అని అడిగారు. నేను ఎస్‌క్యూఎల్‌లో "ఫోన్ ఈక్వల్స్ నల్" అయిన వరసలు లెక్కపెట్టమన్నాను. జవాబు సున్నా! "అందరివీ ఉన్నాయండీ" అని గొప్పగా చెప్పేశాను.

జనవరిలో మంచు తుఫానుకు కరెంటు పోయింది. ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన ఫోన్ ఎత్తలేదు. వారి అబ్బాయికి చేద్దామని చూస్తే ఆ గడి ఖాళీ. ఇద్దరు మిత్రులు ఆ మంచులోనే కారు వేసుకుని వెళ్ళారు. ఆయన క్షేమంగానే ఉన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినంత పనైంది.

తప్పెక్కడ? నల్ అంటే సున్నా కాదు, "తెలియదు" అని. పిల్లలూ, నా రెండు గుప్పిళ్ళూ మూసి "రెండింట్లో గవ్వలు సమానమా?" అని అడిగితే ఏమంటారు? "తెలియదు" అంటారు కదా! కంప్యూటరూ అంతే. నల్‌తో సమానమా అని అడిగితే అవుననదు, కాదనదు. "అవును" అన్న వరసలే లెక్కలోకి వస్తాయి కనుక సున్నా వచ్చింది.

"ఫోన్ ఈజ్ నల్" అని అడగాలి. ఇంకో దారీ ఉంది. కౌంట్ పక్కన బ్రాకెట్లో స్టార్ పెడితే మొత్తం వరసలు, కాలమ్ పేరు పెడితే నిండిన గడులు మాత్రమే వస్తాయి. మనకు వచ్చినవి 212, 181. తీసివేస్తే 31 ఖాళీలు!

అంతటితో అయిపోలేదు. మరో నలుగురి గడుల్లో నంబరు బదులు ఉత్త స్పేస్ ఉంది. అది నల్ కాదు కనుక "నిండిన" లెక్కలో చేరిపోయింది. దాన్ని విడిగా వెతికి పట్టుకోవాలి. రిలేషనల్ డేటాబేస్‌కు ఆద్యుడైన ఎడ్గార్ కాడ్ 1985లో ప్రకటించిన నియమాల్లో ఒకటి ఇదే: నల్‌ను సున్నాతోనూ, ఖాళీ అక్షరాలతోనూ కలపకూడదు.

అంటే మొత్తం 35 కుటుంబాలు. ఉగాది వేడుకలో భోజనాల బల్ల పక్కనే ఫారాలు పెడుతున్నాం. పచ్చడి రుచి చూసే ముందు మీ గడి నింపండి. ఈసారి సున్నా వస్తే అది నిజమైన సున్నా కావాలి!