కుర్చీ తీయండి, పిల్లని కాదు

పోయిన నెల ఊరగాయల గురించి రాసినప్పటినుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఆవకాయ ఎందుకు బూజు పట్టిందని అడిగిన అక్కచెల్లెళ్ళందరికీ వచ్చే వారం వరసగా జవాబిస్తాను, కాస్త ఓపిక పట్టండి. ఈ వారం మాత్రం ఊరగాయతో ఏ సంబంధమూ లేని ఒక ఉత్తరం సంగతి చూద్దాం.

ఆ చెల్లెలు ఏం రాసిందంటే, వాళ్ళ చర్చిలో యూత్ పిల్లలకి మూడు రోజుల కూడిక పెడుతున్నారట. ముప్పై మంది దాకా వస్తారట. సాయంత్రం ఆటల బాధ్యత ఈవిడ మీద పెట్టారు. సంఘమంటే ఏమిటో, నలుగురూ కలిసి పనిచేయడమంటే ఏమిటో పిల్లలకి ఆటల్లోనే తెలియాలన్నారట పాస్టరుగారు. "నాకు కుర్చీలాట తప్ప ఏమీ రాదు, ఏం చేయమంటారు?" అని అడిగింది.

చదివి నవ్వుకున్నాను. ఎందుకంటే మొన్నమొన్నటిదాకా నాకూ కుర్చీలాట తప్ప ఏమీ రాదు. ఆ కుర్చీలాటతోనే నేనో పిల్లని బాధపెట్టాను. ముందు అది చెప్పి తర్వాత ఆటలు చెబుతాను. చర్చికి వెళ్ళని అక్కలు పేజీ తిప్పేయకండి, మీ ఇంటి పెళ్ళిలో పదిమంది పిల్లలు చేరినప్పుడు ఇవే పనికొస్తాయి.

మా చర్చిలో ఆదివారం సాయంత్రం యూత్ కూడిక ఉంటుంది. రెండేళ్ళ క్రితం పాస్టరమ్మగారు "అక్కా, అరగంట ఏదైనా ఆడించండి" అన్నారు. అదెంత పని అనుకుని పదమూడు మంది పిల్లలకి పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేయించి, ఫోన్లో పాట పెట్టాను. పాట ఆగగానే మొదట నిలబడిపోయింది మా టైలరుగారి అమ్మాయి. పదో తరగతి చదువుతోంది. మాట కొంచెం తడబడుతుంది, మనిషి కూడా నెమ్మది. వెళ్ళి వరండా మెట్ల మీద కూర్చుంది. చివరిదాకా ఎవరు మిగిలారనుకున్నారు? మోచేతులు బాగా ఆడేవాళ్ళు!

ఆట అయ్యాక యూత్ లీడరు అబ్బాయి వాక్యం చదివాడు. మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక, 12వ అధ్యాయం. శరీరం ఒక్కటే, అవయవాలు అనేకం, ఏ అవయవమూ ఇంకోదాన్ని నువ్వు అక్కర్లేదనడానికి వీల్లేదు అనే భాగం. అందరం తలలూపాం. ఆ పిల్ల ఇంకా మెట్ల మీదే ఉంది. లోపలికి రమ్మని ఒక్కరమూ పిలవలేదు, నాతో సహా.

తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. పరీక్షలేమో అనుకున్నాను. స్త్రీల సమాజం కూడికలో వాళ్ళమ్మని అడిగితే, ఆవిడ కోపంగా కూడా కాదు, మామూలుగానే అంది: "మీ ఆటలో మా పిల్లకి కుర్చీ లేదంటండీ, అందుకే రానంటోంది."

ఆ రాత్రి అన్నం సహించలేదు. పిల్లలకి నేను నేర్పిందేమిటి? ఒకళ్ళని తోసేస్తే నీకు చోటు దొరుకుతుందని. పైగా ఎవరికి కలుపుగోలుతనం తక్కువో వాళ్ళనే ముందు బయటికి పంపి, బాగా కలిసేవాళ్ళచేతే చివరిదాకా ఆడించాను. తిరగమోత లేని పప్పు వండి రుచి లేదేమని పప్పుని తిట్టినట్టుంది.

మా తమ్ముడు హైస్కూల్లో పి.ఇ.టి. వాడికి ఫోన్ చేసి మొత్తుకుంటే తాపీగా ఒక సంగతి చెప్పాడు. మన ఊళ్ళలో కుర్రాళ్ళు రోజూ ఆడే వాలీబాల్, కాలేజీల్లో ఆడే బాస్కెట్‌బాల్, రెండూ అమెరికాలో వై.ఎం.సి.ఎ. వాళ్ళు పెట్టినవేనట. వై.ఎం.సి.ఎ. అంటే తెలుసుగా, 1844లో లండన్‌లో మొదలైన క్రైస్తవ యువకుల సంఘం. 1891 డిసెంబర్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో వాళ్ళ శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు, చలికాలం నాలుగు గోడల మధ్య కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పడదోసుకోకుండా ఆడే ఆట కావాలని, పీచ్ పళ్ళ బుట్టలు రెండు బాల్కనీ కమ్మీకి కొట్టించి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. ఆయన దైవశాస్త్రం కూడా చదివినవాడే. పదమూడు నియమాలు రాశాడు. అందులో ఒకటి, బంతి చేతిలో పట్టుకుని పరుగెత్తకూడదు. అంటే ఎంత మొనగాడైనా పక్కవాడికి అందించాల్సిందే! తర్వాత నాలుగేళ్ళకి, 1895లో, హోల్యోక్ వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ వాలీబాల్ పెట్టాడు. అందులోనూ మామూలుగా ఒకళ్ళు వరసగా రెండుసార్లు బంతి తాకకూడదు.

"ఇంతకీ అక్కా, పాఠం ఆట తర్వాత చెప్పేది కాదు, ఆట నియమంలోనే ఉండాలి" అన్నాడు మా వాడు. ఇంటర్‌తో ఆపేసిన నాకు అది బాగానే బుర్రకెక్కింది. అప్పటినుంచి ఏ ఆటైనా ముందు ఒకటే చూస్తాను: ఔటైనవాళ్ళు ఎక్కడుంటారు, ఏం చేస్తుంటారు?

ఆ లెక్కన చూస్తే మన కబడ్డీ ఎంత మంచి ఆటో! ఔటైన మనిషి శాశ్వతంగా పోడు. మన జట్టు అవతలివాళ్ళని ఒకణ్ణి ఔట్ చేస్తే, ముందు ఔటైన మనవాడు తిరిగి లోపలికొస్తాడు. బయట కూర్చున్నవాడు కూడా గొంతు చించుకుని అరుస్తుంటాడు, ఎందుకంటే తను లోపలికి రావాలంటే తోటివాడు గెలవాలి. ఆడపిల్లలకి వేరుగా జట్లు కట్టి ఆడించండి, ఇసక నేల అయితే మేలు. కబడ్డీ గురించి మీకు నేను చెప్పేదేముంది, కొత్తవి చెబుతాను.

మొదటిది కుర్చీలాటే, కానీ తిరగేసి. కుర్చీలు వద్దు. ప్లాస్టిక్ కుర్చీ మీద ఇద్దరు కూర్చుంటే కాళ్ళు విరుగుతాయి (కుర్చీవి, పిల్లలవి కూడా). కిరాణా కొట్టులో పాత గోనెసంచులు పన్నెండు అడిగి తెచ్చి పరవండి. న్యూస్ పేపర్లూ, ప్లాస్టిక్ బియ్యం సంచులూ టైల్స్ మీద జారతాయి, అవి వద్దు. పాట ఆగగానే అందరి పాదాలూ సంచుల మీదే ఉండాలి. ప్రతి పాటకీ ఒక సంచి తీసేయండి, పిల్లల్ని మాత్రం ఎవర్నీ తీయొద్దు. ఏ ఒక్కరి కాలు నేల మీదున్నా అందరూ ఓడినట్టే. ఎనిమిది సంచులదాకా నవ్వులే. ఆరుకి వచ్చేసరికి ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుంటారు. నాలుగుకి వస్తే "ఆ చివర ఇంకా ఎవరున్నారు, ఇటు లాగండి" అని అరుస్తారు. అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరే సంచులు వేస్తే పెద్దవాళ్ళకి అభ్యంతరం ఉండదు, పిల్లలకీ మొహమాటం ఉండదు.

రెండోది తువ్వాళ్ళ ముడి. చేతులు పట్టుకుని ఆడేదే గానీ, మన దగ్గర ఆడా మగా చేతులు పట్టుకోవడమంటే ఇబ్బంది కదా, అందుకని నేను తువ్వాళ్ళూ చున్నీలూ పెట్టాను. ఎనిమిది మంది గుండ్రంగా నిలబడాలి. ఒక్కొక్కరి కుడిచేతిలో ఒక తువ్వాలు కొస. రెండో కొస మధ్యలోకి వదలాలి. ఎడమచేత్తో ఇంకొకరి తువ్వాలు కొస అందుకోవాలి, పక్కవాళ్ళది మాత్రం కాకూడదు. ఇప్పుడు ఎవరూ కొస వదలకుండా, కింద దూరీ, పైనుంచి దాటీ ముడి విప్పుకోవాలి. ఒక్కోసారి ఒక పెద్ద వలయం అవుతుంది, ఒక్కోసారి రెండు. కొన్నిసార్లు ఎంత చేసినా విడదు, అది పిల్లల తప్పు కాదు. అప్పుడు అందరూ ఒప్పుకుని ఏదో ఒక్క కొస వదిలి మళ్ళీ పట్టుకోవచ్చని చెప్పండి. ఏ కొస వదలాలో తేల్చుకోవడమే అసలు ఆట.

రెండోసారి ఇదే ఆట మాటల్లేకుండా ఆడించండి. మా దగ్గర మాటలతో ఆడినప్పుడు గొంతు పెద్దదున్న ఇద్దరే మిగతా ఆరుగురినీ గొర్రెల్ని తోలినట్టు తోలారు. మూగగా ఆడేసరికి వాళ్ళిద్దరూ దిక్కులు చూడటం మొదలుపెట్టారు. టైలరుగారి అమ్మాయిని నేనే ఇంటికెళ్ళి, తప్పు నాదని చెప్పి తీసుకొచ్చాను. ఆ రోజు ఆ పిల్ల గడ్డంతో సైగ చేసి ఒక అబ్బాయిని వంగమంది. సగం ముడి విడిపోయింది. అంతటితో అంతా మారిపోయిందని చెప్పను. ఇప్పటికీ అందరి ముందూ వాక్యం చదవమంటే తల అడ్డంగా ఊపుతుంది. ఓ వారం వస్తుంది, ఓ వారం రాదు. కానీ రాని వారం "అది రాలేదేం?" అని తోటిపిల్లలు నన్ను అడుగుతున్నారు. ముందు అది లేదు.

మూడోది గుమ్మడికాయ మోత. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువుతో ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చి, జనం వల్ల దారిలేక, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందుకి దింపుతారు కదా. ఆ నలుగురి పేర్లు ఎక్కడా రాయలేదు చూడండి. దానికోసం ఈ ఆట. మనిషిని మోయించకండి, ప్రమాదం. పాత దుప్పటి మధ్యలో ఓ మోస్తరు గుమ్మడికాయ పెట్టి, నాలుగు కొసలూ నలుగురికిచ్చి, గేటు దగ్గర్నుంచి వరండా మెట్లెక్కి లోపలిదాకా తేవాలనండి. పొడుగువాళ్ళు వంగాలి, పొట్టివాళ్ళు చేతులెత్తాలి, లేకపోతే కాయ పొట్టివాడి మీదకి దొర్లుతుంది. మెట్ల దగ్గర ముందున్నవాళ్ళు దించాలి, వెనకున్నవాళ్ళు ఎత్తాలి. ఎవడైనా తొందరపడ్డాడా, అంతే.

నేను జట్లకి చీటీలు తీయిస్తాను, లేకపోతే స్నేహితులే ఒకచోట చేరతారు. ఆ చీటీల పుణ్యమా అని ఒకసారి ఒకే దుప్పటికి ఇద్దరు అబ్బాయిలు వచ్చారు. వాళ్ళ నాన్నలిద్దరూ సంఘ కమిటీ ఎన్నికలప్పటినుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పిల్లలూ అంతే. మార్చేద్దామా అనుకుని మళ్ళీ ఊరుకున్నాను. ఇద్దరూ చెరో పక్కకి లాగారు. మూడో మెట్టు మీద కాయ భళ్ళున పగిలింది! "వీడే" అంటే "వీడే" అన్నారు. నేనేమీ అనకుండా రెండు కత్తిపీటలు తెచ్చి ముందు పెట్టాను. ఇద్దరూ కూర్చుని ఆ కాయంతా తరిగారు. ఆ సాయంత్రం అందరికీ గుమ్మడికాయ పులుసు, అన్నం. కలిసిపోయారా అంటే, "ఉప్పు ఇటివ్వు" అన్నంతవరకు మాట్లాడుకున్నారు. నాన్నలు అదీ లేదు.

నెహెమ్యా గోడ కూడా ఆడించాను. కిరాణా కొట్లో అట్టపెట్టెలు ఓ నలభై పోగుచేసి, జతకి నాలుగు చొప్పున పంచి, చెట్టు నుంచి గేటుదాకా గోడ కట్టమనాలి. ఎవరి ముక్క వాళ్ళు కట్టినా, పక్కజత గోడతో కలవాలి. ఎక్కడా వాలీబాల్ దూరేంత సందు ఉండకూడదు. మా మగపిల్లలు "మీరు పెట్టెలు అందించండి చాలు" అన్నారు ఆడపిల్లలతో. నేను బైబిల్ తెప్పించి నెహెమ్యా 3వ అధ్యాయం 12వ వచనం చదివించాను. యెరూషలేము గోడ బాగుచేసినవాళ్ళలో షల్లూముతోపాటు అతని కూతుళ్ళూ ఉన్నారు! కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్ళు, ఎవరి ఇంటి ఎదుట వాళ్ళు, అందరూ చేస్తేనే 52 రోజుల్లో పూర్తయింది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు లెండి.

ఇంక చెల్లెలికి నాలుగు ముక్కలు. ఆట అయ్యాక ఉపన్యాసం పెట్టించకు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, "నీకు చెప్పాలనిపించి చెప్పకుండా ఊరుకున్నదేమిటి?" అని అడుగు. మొదట ఎవరూ నోరు విప్పరు, తొందరపడకు. మాట్లాడనివాళ్ళని బలవంతపెట్టకు. ఎండ తగ్గాక, నాలుగున్నర తర్వాత మొదలుపెట్టు. కూజాల్లో నీళ్ళు, దెబ్బలకి దూదీ మందూ దగ్గర పెట్టుకో. ఆడపిల్లలకి చుడీదార్లు వేసుకు రమ్మని ముందురోజే చెప్పు, లంగా ఓణీతో తట్టుకుపడతారు. నడవడం కష్టమైన పిల్లలుంటే వాళ్ళని లెక్కలు రాయడానికి కూర్చోబెట్టకు. తువ్వాళ్ళ ముడి కుర్చీల్లో కూర్చుని కూడా మొదలుపెట్టొచ్చు, మిగతావాళ్ళు చుట్టూ తిరుగుతారు.

బహుమతులు జట్టుకొకటి ఇవ్వకు, అందరికీ కలిపి పల్లీ ఉండలు చేయి. అరకిలో వేయించి పొట్టు తీసిన పల్లీలకి 400 గ్రాముల బెల్లం సరిపోతుంది. పాకం నీళ్ళలో వేస్తే గట్టి ఉండ కావాలి, పల్లీలు కలపగానే చేతికి నెయ్యి రాసుకుని వేడిమీదే చుట్టాలి. ముప్పై మందికంటే రెండుసార్లు చేయాల్సి వస్తుంది, ఒక్కసారే పెద్ద మూకుడు పెడితే చుట్టేలోపు గట్టిపడుతుంది.

గుమ్మడికాయలు మాత్రం రెండు కొనుక్కో.