వర్లీ చాల్‌లలో గదికి బదులు ఇల్లు

ముంబయి: వర్లీ బీడీడీ చాల్‌ల వాసులైన 556 కుటుంబాలకు 2025 ఆగస్టు 14న కొత్త ఇళ్ల తాళాలు అందాయి. తరాలుగా 160 చదరపు అడుగుల గదిలో కాపురం చేసినవారు 500 చదరపు అడుగుల ఇంటికి యజమానులయ్యారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి బట్టల మిల్లులకు వలసవెళ్లిన పద్మశాలీ కుటుంబాలకు ఈ పరిసరాలు చిరపరిచితమే.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం కార్మికులకు ఇళ్ల కొరత తీవ్రం కాగా, గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) 50 వేల గదుల నిర్మాణం తలపెట్టింది. చివరకు కట్టినవి 207 భవనాలు, సుమారు 16 వేల గదులు. వాటిలో 121 భవనాలు వర్లీలోనివే.

నడవాయే వాకిలి

అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. నాలుగు వరుసల అంతస్తులు. ప్రతి అంతస్తులో నడుమ పొడవాటి నడవా, ఇరువైపులా పదేసి గదులు, ఉమ్మడి మరుగుదొడ్లు. నాటికి కొత్తదైన ఇనుప కడ్డీల కాంక్రీటు వాడారు గానీ అలంకారమన్నది లేదు. జైలును తలపిస్తాయన్న విమర్శ అతిశయోక్తి కాదు. శాసనోల్లంఘన కాలంలో వర్లీ భవనాలు కొన్నింటిలో నిజంగానే ఖైదీలను ఉంచారు. అయినా ఇరుకు గదుల వారికి ఆ నడవాయే వాకిలి, వసారా అయింది. పిల్లల ఆటలు, పెద్దల కబుర్లు, పండుగలు అక్కడే. కొత్త భవనాల్లో లిఫ్టు ఉంటుంది, ఇంట్లోనే మరుగుదొడ్డి ఉంటుంది. అంతటి నడవా మాత్రం ఉండదు.

ప్రభుత్వమే యజమాని కావడం అద్దెదారులకు కలిసొచ్చింది. అదే స్థలంలో మరికొన్ని ఇళ్లు కట్టి బహిరంగ విపణిలో అమ్మి, ఆ రాబడితో వీరికి ఉచితంగా ఇస్తున్నారు. అయితే ఈ లబ్ధి గదిపై హక్కు నిలుపుకొన్నవారికే. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెతో ఉపాధి పోయి, గది వదిలి స్వగ్రామం చేరినవారికి ఇందులో వాటా లేదు. కొత్త ఇల్లు పొందినవారికీ చిక్కు లేకపోలేదు. లిఫ్టులు, నీటి పంపుల నిర్వహణ ఖర్చు పాత గది నామమాత్రపు అద్దెలాంటిది కాదు.

వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం.జోషీ మార్గ్ చాల్‌ల పునర్నిర్మాణానికి 2017లో భూమిపూజ జరిగింది. సెవ్రీలోని 12 భవనాలకు ఆ అవకాశం దక్కలేదు. అవి ఉన్న స్థలం ముంబయి పోర్టుది కావడంతో కేంద్రం సమ్మతి తప్పనిసరి.