గోడకు పిచ్చుక గూడు, గట్టున విషపు ఎర

ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం వస్తుంది. బడుల్లో, ఆఫీసుల్లో చెక్క గూళ్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు. ఆ పనిని మేము తప్పుపట్టడం లేదు. ఒకప్పుడు పెంకుటింటి వాసాల సందుల్లో పిచ్చుకలు అడగకుండానే కాపురం పెట్టేవి. కోతలయ్యాక వరి కంకుల కుచ్చులు అల్లి చూరుకు, గుడి మండపానికి వేలాడదీసేవాళ్లం. స్లాబు ఇళ్లు వచ్చాక సందులు లేకుండా పోయాయి. కాబట్టి పెరట్లో ఒక గూడు పెట్టడం మంచిదే.

పెట్టేదేదో సరిగ్గా పెడదాం. రేకు డబ్బా ఎండాకాలం పొయ్యిలా కాలుతుంది, చెక్కే మేలు. రంధ్రం ఒకటింపావు అంగుళం ఉంటే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. నేల నుంచి 8-10 అడుగుల ఎత్తున, పడమటి ఎండ తగలని గోడకు బిగించాలి. రంధ్రం ముందు అందానికి పుల్ల గుచ్చుతారు, అది వద్దు. దాని మీద కూర్చునేది కాకి. పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసేయాలి.

ఇంత చేసినా గూడు ఖాళీగా ఉండిపోయే ఊళ్లు చాలానే ఉన్నాయి. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది గానీ, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదట్లో మెత్తని పురుగులే తిండి. చిక్కుడు పాదు నుంచి వరి చేను దాకా పురుగన్నది కనపడకుండా మందు కొట్టి, గోడకు గూడు తగిలిస్తే తల్లి పిచ్చుక దేన్ని తెచ్చి పెడుతుంది? చైనాలో 1958లో పిచ్చుకలు గింజలు తింటున్నాయని ఊరూరా డప్పులు కొట్టి చంపించారు. పురుగు పెరిగి పంట పోయింది. 1960లో పిచ్చుకను శత్రువుల జాబితా నుంచి తీసి నల్లిని చేర్చారు.

పక్షులన్నీ రైతుకు చుట్టాలేనని మేము చెప్పడం లేదు. జొన్న, పొద్దుతిరుగుడు వేసినవాళ్లకు రామచిలుకల సంగతి తెలుసు. మంచె మీద గొంతు పోయేలా అరిచినవాడికి పక్షిప్రేమ పాఠం చెప్పబోతే వినడు, వినక్కర్లేదు కూడా. కానీ శనగ చేలో పక్షి స్థావరాలు నాటితే పసులపోలిగాడు వాలి పచ్చపురుగును ఏరుకు తింటుందన్నది కూడా రైతు కళ్లతో చూసిందే.

మేము ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది ఇంకో గూడు గురించి, తెల్ల గుడ్లగూబ గూడు. ఈ పక్షి సొంతంగా గూడు అల్లుకోదు. చెట్టు తొర్రో, పాత బావి గోడో, పాడుబడిన మేడో కావాలి. తొర్ర ఉన్న చెట్లను నరికేశాం, పాత బావులను పూడ్చేశాం. ఇంటి మీద వాలితే కీడని రాళ్లు వేసి తోలేశాం. అది తినేది మాత్రం మన పంటను కొరికే ఎలుకనే. నమ్మకం లేకపోతే అది వాలే చోట కింద వెతకండి. కక్కిన ఉండల్లో ఎలుక పుర్రెలే ఉంటాయి.

మలేషియా పామాయిల్ తోటల్లో స్తంభాల మీద పెట్టెలు పెట్టి ఈ పక్షిని దశాబ్దాలుగా నిలుపుకుంటున్నారు. సుమారు 10 హెక్టార్లకు ఒక పెట్టె చాలంటారు. గట్టి ఎలుక మందులు వాడిన తోటల్లో గుడ్లగూబలే తగ్గిపోయాయని కూడా అక్కడే తేలింది. మన రెండు రాష్ట్రాల్లోనూ పామాయిల్ విస్తీర్ణం పెంచమని ప్రభుత్వాలు వెంటపడుతున్నాయి. మొక్కకు రాయితీ, డ్రిప్పుకు రాయితీ ఉన్నాయి. పెట్టె మాట ఎత్తేవారు లేరు.

డెల్టాలో సామూహిక ఎలుకల నిర్మూలన పేరుతో ఏటా జరిగేది మనకు తెలుసు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలోన్ కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తాం. ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలుకే గుడ్లగూబకు తేలిగ్గా చిక్కుతుంది, విషం దాని కాలేయంలోకి చేరుతుంది. ఎలుకను పట్టే పక్షిని చంపుకుని, మరుసటి ఏడు మళ్లీ మందు కోసం లైన్లో నిలబడతాం.

మందు మానేయమని రైతు నెత్తిన బాధ్యత పెట్టడం మాకు ఇష్టం లేదు. ఎలుకలు విరుచుకుపడిన ఏడు కౌలు రైతుకు మిగిలేది అప్పే. అతను పరాయి చేలో స్తంభం పాతలేడు, చెట్టు పెంచలేడు. అందుకే పెట్టెలు ఉమ్మడి జాగాల్లో పెట్టాలి, కాలువ గట్టు మీద, గోదాము పక్కన, బడి ఆవరణలో. ఖర్చు వ్యవసాయ శాఖ భరించాలి. ఎలుక బుట్టలు పెట్టి పట్టే యానాది కుటుంబాలకు ఎలుకకు ఇంతని కూలి కట్టివ్వాలి. ఆ పద్ధతిలో విషం అక్కర్లేదు, నాలుగు ఇళ్లకు పని దొరుకుతుంది. పెట్టెలు పెట్టిన ఊళ్లలో ఎర పంపిణీని కనీసం ఒక సీజన్ ఆపి చూడాలి.

ఖరీఫ్‌కు ముందు ఎర పొట్లాల కోసం రైతు సేవా కేంద్రంలో, రైతు వేదికలో సమావేశం పెడతారు. ఈసారి ఆ రోజు మన గ్రామ కమిటీలు పొట్లాలు ఎన్ని అని అడిగే ముందు పెట్టెలు ఎన్ని అని అడగాలి.